ఆరో అధ్యాయం

పోయిన వారం బంగారుపాళ్యం నుంచి నా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. "మన మేడమ్ పోయినారంట," అంది. ఏడుపు తర్వాత వచ్చింది. అంతకంటే ముందు మేడమ్ గొంతే చెవిలో వినబడింది. "మన అంటే ఎవరెవరు?"

ఎవరు 'మన' అన్నా, 'మనం' అన్నా ఆమె ఊరుకునేవారు కారు. స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ "మనమందరం కలిసి కాలేజీ పేరు నిలబెట్టాలి" అంటే, వెనక వరసలో చెయ్యెత్తి "ఎవరెవరు సార్?" అని అడిగారట. వెటకారం కాదు. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉండేది. ప్రిన్సిపాల్‌కు ఆ సంగతి అర్థం కాలేదు. ఆమెకు పొగరని ఒక నిర్ణయానికి వచ్చేసి, రిటైరయ్యేదాకా దాన్ని మార్చుకోలేదు.

ఆమె ఫిలాసఫీ లెక్చరర్. డెబ్బైల చివర్లో తిరుపతిలో నేను బి.ఏ. చదివేటప్పుడు మాకు పాఠం చెప్పారు. నేను ఫిలాసఫీ తీసుకున్నది దాని మీద ప్రేమతో కాదు, ఎకనామిక్స్‌లో సీట్లు అయిపోయి. మా నాయనకు మామిడి తోట తప్ప ఇంకో లోకం తెలియదు. "ఆ సదువు దేనికి పనికొస్తాది మే?" అని అడిగితే, "సదివి చెప్తాలే నాయనా" అన్నాను. ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను. ఇప్పుడైనా చెప్పగలనో లేదో ఇది రాస్తే తెలుస్తుంది.

మేడమ్ సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నడక వేగం, మాట నిదానం. ఆలోచిస్తున్నప్పుడు చేతిలో చాక్‌పీస్‌తో ఎడమ కనుబొమ్మ గోక్కునేవారు. గంట కొట్టేసరికి ఒక కనుబొమ్మ నెరిసిపోయి ఉండేది. అట్లాగే బస్సెక్కి తిరుచానూరు వెళ్ళిపోయేవారు. ఎవరైనా చెబితే తుడుచుకుని, "ఈ పొద్దు పాఠం బాగా పోయినట్టుండాది" అనేవారు.

పాఠం చివర మేమందరం అలవాటుగా "అర్థమైంది మేడమ్" అని కోరస్ ఇచ్చేవాళ్ళం. అక్కడే మాకు చిక్కు వచ్చిపడేది. "ఎవరికి?" అనేవారు. బెంచీ బెంచీకి వచ్చి ఒక్కొక్కరినీ లేపేవారు. అందరం కలిసి చెప్పినప్పుడు గట్టిగా వినబడిన అర్థం, విడిగా లేపితే ఎవరి దగ్గరా దొరికేది కాదు. "చూసినారా, ఇందాక ఈ గదిలో ఒకటి అర్థమైంది. అది మీలో ఎవరిదీ కాదు. మరి యాడికి పోయింది?" అని మమ్మల్నే అడిగేవారు. తిడుతున్నారో, పాఠం చెబుతున్నారో తెలియక తల వంచుకుని నిలబడేవాళ్ళం. చాన్నాళ్ళ తర్వాత తెలిసింది, ఆమె అప్పుడు చేస్తున్నది తన సొంత పరిశోధన.

ఆమెతో వాదించడం ఇంకో కష్టం. మనం తడబడితే ఆమె ఆగి, మన వాదాన్ని మనకంటే బాగా తానే పూర్తి చేసి పెట్టేవారు, అది తనకు ఎదురు వాదమైనా సరే. ఒక్కోసారి దానికి జవాబు ఆమెకే దొరికేది కాదు. ఆ పూట పాఠం అక్కడితో సరి. మర్నాడు వచ్చి, మాకు గుర్తు కూడా లేని ప్రశ్నకు జవాబు చెప్పేవారు. నాకు తెలిసి అట్లా ఓడిపోవడాన్ని అంత శ్రద్ధగా చేసిన మనిషి ఇంకొకరు లేరు.

అప్పట్లో ఆమె ఉద్యోగం చేస్తూనే డాక్టరేటుకు థీసిస్ రాస్తున్నారు. విషయం విన్నప్పుడు మాకు తల తిరిగింది. ఆమె మాత్రం మాకు చాలా తేలిగ్గా చెప్పారు. నేను అనే విడి మనిషి నిజం. అందరిలో ఉండే ఎరుక ఒక్కటే అన్నది కూడా నిజం కావచ్చునా? ఈ రెండూ ఒకే ఇంట్లో కాపురం చేయగలవా, లేక ఒకటి ఉంటే రెండోది వాకిలి దాటి వెళ్ళిపోవాల్సిందేనా? ఇదీ ప్రశ్న. ఈ కాలపు తత్వశాస్త్రం చాలావరకు ఒకటి వెళ్ళిపోవాల్సిందే అంటుందనీ, తాను రెండింటినీ ఒకే ఇంట్లో నిలబెట్టి తీరతాననీ చెప్పారు. తీరతాను అన్న మాట ఆమె తరచుగా వాడేవారు కారు. అందుకే నాకు గుర్తుండిపోయింది.

ఆమె గైడ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. మంచివాడు, భయస్తుడు. ఒకసారి నా ముందే అన్నారు: "ఏదో ఒకటి తేల్చుకోండమ్మా. మనుషులు విడివిడిగా నిజమా, చైతన్యం ఒక్కటేనా? ఏది పట్టుకున్నా నేను సంతకం పెడతాను."

"రెండూ పట్టుకుంటా సార్."

"ఎట్లా పట్టుకుంటారు?"

"దేవుడు రెండు చేతులిచ్చినాడు గదా."

ఆయన నవ్వలేదు. ఆయన భయం వేరే. ఆమెది తరతరాల వైష్ణవ కుటుంబం. ఇంట్లో నమ్మేదాన్ని తెచ్చి థీసిస్‌లో పెట్టారని ఎవరైనా అంటే ఇద్దరికీ చెడ్డపేరు. ఆ భయం ఆమెకూ తెలుసు. అందుకే థీసిస్‌లో తమ ఆచార్యుల పేరు ఒక్కటి కూడా రాయకూడదని ఒట్టు పెట్టుకున్నారు. దానికి ఇంట్లో వాళ్ళ నాయన నొచ్చుకున్నారు. "మన పెద్దోళ్ళ పేరు ఒక్కటీ లేదే పాపా" అన్నారట. "వాళ్ళ పేరు చెప్తే నమ్మేవాళ్ళు ముందే నమ్మినారు నాయనా. నమ్మనోళ్ళ ముందర నిలబెట్టాల," అని ఈమె జవాబు.

ఐదు అధ్యాయాలు సాఫీగా అయిపోయాయి. అవన్నీ ఇతరులు ఏమన్నారో, అందులో లోపం ఎక్కడుందో చెప్పేవి. తన మాట చెప్పాల్సిన ఆరోది మాత్రం కదలలేదు. పట్టుకోవడానికి ఒక మంచి ఉదాహరణ కావాలి. ఎక్కడా దొరకలేదు.

నేనొకటి తెచ్చి ఇచ్చాను. ఎండాకాలం సెలవుల తర్వాత మా తోట కాయలతో స్టాఫ్ రూముకు వెళ్ళి, ఎప్పటినుంచో సిద్ధం చేసుకున్న మాట చెప్పాను. "మా తోటలో అంటు చెట్లు ఉండాయి మేడమ్. కింద వేరు నాటుది, పైన కొమ్మ బేనీషా మామిడిది. దేని గుణం దానికే ఉండాది. అయినా చెట్టు ఒకటే. మీ ప్రశ్నకు జవాబు ఇదే గదా?"

ఆమె మామిడి ముక్కకు ఉప్పూ కారం అద్దుకుని తీరిగ్గా నమిలి మింగారు. అప్పటికే నేను లోపల గెలిచేశాను.

"చెట్టుకు తాను ఒకటా, రెండా అని బాధ ఉండాదా?"

"లేదు మేడమ్."

"నాకుండాది. అందుకే చెట్టు చాలదు. తప్పు చేయగలిగింది కావాల. చేసినానని తెలుసుకోగలిగింది కావాల," అని ఇంకో ముక్క తీసుకున్నారు. "కాయ మాత్రం బాగుండాది."

ఆ తప్పు చివరికి వాళ్ళ ఇంట్లోనే దొరికింది. దొరికినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

వాళ్ళ నాయన తిరుచానూరులో గోష్ఠికి పెద్ద. గోష్ఠి అంటే, అమ్మవారి ముందు రెండు వరసలుగా నిలబడి, ఆళ్వార్లు పాడిన తమిళ పాశురాలు కలిసి చెప్పే పెద్దల బృందం. ముందున్నాయన మొదటి మాట అందుకుంటాడు, మిగతావాళ్ళు కలుస్తారు. చేతిలో పుస్తకం ఉండదు. చిన్నప్పుడు నోటికి పట్టిందే. ఎవరి గొంతూ విడిగా వినబడకూడదు. ఒకరు ఊపిరి తీసుకుంటుంటే పక్కవాళ్ళు మోస్తారు. ముందున్నాయన ఎటు పోతే అటు పోవడం అక్కడి మర్యాద. ఆడవాళ్ళు పక్కన కూర్చుని వింటారు, నోట్లో అనుకుంటారు, గొంతు కలపరు.

ఒక శుక్రవారం సాయంత్రం మేడమ్ నన్ను వెంట తీసుకుపోయారు. పూలవాళ్ళను దాటుకుని, యాత్రికుల గుంపులో నుంచి లోపలికి వెళ్ళి ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. గోష్ఠి సాగుతోంది. నాకు అక్షరం తెలియకపోయినా వినడానికి హాయిగా ఉంది. కునుకు పట్టబోతుండగా పక్కన ఏదో కదిలినట్టు అనిపించి చూశాను. మేడమ్ చేతిలో చాక్‌పీస్ లేకుండానే కనుబొమ్మ గోక్కుంటున్నారు.

ఆ పాశురాల్లో ఒక చిక్కు ఉందట. దూరదూరంగా ఉన్న రెండు పాశురాల్లో ఒకే తీరుగా నడిచే పాదం వస్తుంది. కాస్త ఏమరితే నోరు ఒకదాంట్లో నుంచి ఇంకోదాంట్లోకి జారిపోతుంది. పుస్తకం చూసి చదివేవాళ్ళకు ఈ తప్పు రాదు. నోటికి బాగా వచ్చినవాళ్ళకే వస్తుంది. ఆ సాయంత్రం వాళ్ళ నాయన అట్లా జారారు. ఆయన వెనకే రెండు వరసలూ ఒక్క గొంతుతో అదే తప్పు దారిలో సాగిపోయాయి.

మేడమ్ లేచి నిలబడలేదు. అరవలేదు. అదే వరసలో, అదే నడకలో, సరైన పాదం అందుకున్నారు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తిరిగి చూశారు. కొంతసేపు రెండు పాశురాలూ పక్కపక్కనే నడిచాయి, అటు అంతమంది, ఇటు ఈమె ఒక్కరే. తర్వాత వరస చివర నిలబడిన లావుపాటి పెద్దాయన ఈమె దారికి వచ్చారు. ఆయన పక్కాయన వచ్చారు. ఒక్కొక్కరే వచ్చారు. అందరికంటే చివర వచ్చినవారు వాళ్ళ నాయన. ఇంత జరిగినా పాశురం ఎక్కడా తెగలేదు.

గుడి నుంచి ఇంటిదాకా ఆయన మాకంటే పది అడుగులు ముందే నడిచారు. ఇంటికొచ్చాక నాకు దద్దోజనం పెడుతూ మేడమే కదిపారు.

"గోష్ఠిలో నోరెత్తినానని కోపమా నాయనా?"

"కోపం కాదు పాపా. నువ్వు అనకముందే నాకు తెలిసిపోయింది, తప్పులో పోతా ఉండానని."

మేడమ్ చేతిలో గరిటె ఆగింది. "తెలిసిందా? మరి నిలవలేదేం?"

"యాడ నిలిచేది? అప్పుడు నోరు నా ఒక్కడిదేనా?"

"తెలిసింది ఎవరికి?"

"నాకే. ఇంకెవరికి తెలుస్తాది?" ఆయన తుండుతో ముఖం తుడుచుకున్నారు. "నోరు అందరితో పోతా ఉండాది, లోపల నేనొక్కణ్ణే నిలబడి చూస్తా ఉండా. అంతే పాపా. ఇంతకుమించి చెప్పలేను."

ఆకులో పెరుగు కారిపోతున్నా ఆమెకు పట్టలేదు. నాకు అప్పటికి అర్థం కాలేదు కానీ, ఆమె ఏళ్ళ తరబడి వెతికింది అక్కడ దొరికిపోయింది. అందరూ నిజంగా ఒక్కటై నడుస్తున్నప్పుడు, ఆ ఒక్కటిలోనే ఉండి, ఒక మనిషి తాను తానుగా తప్పు తెలుసుకున్నాడు. ఎరుక ఒక్కటే అయితే తప్పని ఎవరికి తెలుస్తుంది? విడివిడి మనుషులే అయితే అందరూ తప్పులోకి కలిసి ఎట్లా పోగలరు, సరైన దారికి కలిసి ఎట్లా రాగలరు? తప్పులో పడడానికీ, దాన్ని తెలుసుకోవడానికీ రెండూ కావాలి, ఆ ఒక్కటీ కావాలి, ఈ ఒక్కడూ కావాలి. ఆరో అధ్యాయం ఇదే.

"దీన్ని రాస్తా నాయనా," అన్నారు మేడమ్.

ఆయన ముఖం మారిపోయింది. "తప్పు పోవడం ఎవరికైనా ఉండేదే. తెలిసి కూడా అమ్మవారి ముందర తప్పులో పొయినానంటే, నన్ను నమ్మి వెనక నడిచినోళ్ళకు నేనేం చెప్పేది? ఇంక గోష్ఠిలో ముందర నిలబడలేను."

"నీ పేరు పెట్టను. ఎవరడిగినా చెప్పను."

"మాటేనా?"

"మాటే."

అధ్యాయం చదివి గైడ్‌గారు బాగా ఇబ్బంది పడ్డారు. "ఒక గోష్ఠిలో ఒక పెద్దమనిషి" అని ఉంది, అంతే. ఆ పెద్దమనిషి ఎవరని అడిగితే ఈమె చెప్పరు. దీన్ని పక్కన పెడదామమ్మా, మిగతా ఐదూ గట్టిగా ఉన్నాయి, డిగ్రీ చేతికొస్తుంది, తర్వాత తీరిగ్గా పుస్తకం వేసుకోవచ్చు అన్నారు. ఆమె ససేమిరా అన్నారు. ఆయన రెండుసార్లు వాయిదా వేసినా, ఆమె ఆరు అధ్యాయాలూ కలిపే ఇచ్చారు.

వైవా రోజుకు నేను ఎం.ఏ.లో చేరి ఉన్నాను. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చన్నారు కాబట్టి వెళ్ళాను. వెనక బెంచీలో వాళ్ళ నాయన, ఆయన కూతురి పెద్ద పరీక్ష చూడాలని తోడు వచ్చిన ఇద్దరు గోష్ఠి పెద్దలు ఉన్నారు. అందులో ఒకరు ఆ లావుపాటాయన. ఆయన బెంచీలో పట్టక, పక్కకు వాలి కూర్చున్నారు.

మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకుడు మర్యాదస్తుడు. మొదటి ఐదు అధ్యాయాల మీద ఆయన అడగడం, ఈమె చెప్పడం గంటసేపు బాగానే నడిచింది. ఆరో అధ్యాయం తెరిచి ఆయన కళ్ళద్దాలు తీశారు.

"ఈ వాదమంతా ఒక్క మనిషి మీద నిలబడి ఉంది. బయటికి అందరితో పాడుతున్నాడు, లోపల తప్పని అతనికి తెలుసు. అతని లోపలి సంగతి మీకెట్లా తెలుసు?"

"ఆయనే చెప్పినారు సార్."

"ఎవరాయన?"

"చెప్పను సార్. మాట ఇచ్చినాను."

"అయితే ఇది కథ అవుతుందమ్మా. ఊహించిన మనిషి మీద మీరు ఇంత బరువు పెట్టలేరు. నిజమైన మనిషయితే పేరుండాలి. ఈ అధ్యాయం తీసేయండి. మిగతా ఐదూ డిగ్రీకి చాలు, నేను ఇప్పుడే సిఫారసు చేస్తాను."

"ఐదూ చాలేటట్టయితే ఆరోది రాసేదాన్నే కాదు సార్. తీయను."

"డిగ్రీ పోతుంది."

"తెలుసు సార్."

గైడ్‌గారు కిటికీలో నుంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. అప్పుడు వెనక బెంచీ కిర్రుమంది. వాళ్ళ నాయన లేచి నిలబడ్డారు. గొంతు గోష్ఠి గొంతే.

"ఆ మనిషిని నేనే సామీ. తప్పని తెలిసి పొయినాను. నా బిడ్డ కల్పించింది కాదు, నేను చెప్పిందే. ఆ పొద్దు నా వెనక నడిచినోళ్ళు వీళ్ళిద్దరూ. వీళ్ళకు ఈ మాట ఇప్పుడే చెప్తా ఉండా."

నేను మేడమ్ వైపు చూశాను. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి. అయినా ముఖం పరీక్షకుడి వైపు నుంచి తిప్పలేదు.

"కూర్చో నాయనా," అన్నారు. "జవాబు చెప్పాల్సింది నేను."

ఆయన కూర్చున్నారు. ఆమె పరీక్షకుడితో అన్నారు: "సాక్ష్యం ఆయనది సార్. వాదం నాది. దీంట్లో తప్పుంటే అడగండి, నేనే చెప్తాను." ఆయన అడిగారు, చాలాసేపు అడిగారు. ఆ మధ్యాహ్నం ఆమె చెప్పిన తీరు నేను మళ్ళీ ఎవరి దగ్గరా వినలేదు. ఆరు అధ్యాయాలతోనే డిగ్రీ ఇస్తున్నామని చివరికి చెప్పినప్పుడు ఆమె నమస్కారం పెట్టి, కాగితాలు సర్దుకున్నారు. గెలిచిన ఆనవాలు ముఖంలో ఏమీ లేదు.

బయట మెట్ల మీద వాళ్ళ నాయన తల దించుకుని నిలబడి ఉన్నారు. లావుపాటాయన దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చెయ్యేశారు.

"అంత మాట అందరిలో ఎందుకన్నారు సామీ? తప్పని నాకూ తెలుసు ఆ పొద్దు."

"నీకెట్లా తెలుసు?"

"మీరు జారినప్పుడే తెలిసింది. మీతోనే పోవాలని పొయినాను."

రెండో పెద్దాయన కండువా సర్దుకుంటూ నేల చూపులు చూశారు. "నాకు మాత్రం తెలీలేదా ఏంది," అన్నారు మెల్లిగా. "నాకొక్కడికే తెలిసిందనుకున్నా ఇన్నాళ్ళూ."

ముగ్గురు ముసలివాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేడమ్ మెట్టు దిగబోతూ ఆగిపోయారు. కనుబొమ్మ మీదికి చెయ్యి వెళ్ళింది. అంత సంతోషంగా ఉన్న ముఖాన్ని నేను ఆమెలో అంతకుముందు చూడలేదు, లోపల డిగ్రీ ప్రకటించినప్పుడు కూడా.

"అయితే నేను రాసింది తప్పు నాయనా," అన్నారు. "నీకొక్కడికే తెలిసిందని రాసినాను. మళ్ళా రాయాల."

అక్కడే మెట్టు మీద కూర్చుని, ఆ లావుపాటాయన్ను కూడా పక్కన కూర్చోబెట్టి, "ఏ పాదంలో తెలిసింది మీకు? మొదట్నుంచీ చెప్పండి," అని అడిగారు.